గెడ్డ వారంట నడక

మా పెద్ద మామయ్య తొంభైల్లో అనంతగిరి మండలంలో ఒక ఆశ్రమ పాఠశాలలో మేస్టారుగా చేసేవాడు, అప్పుడు అది విశాఖ జిల్లా, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఊరి పేరు మాత్రం రాయను. ఈ మధ్య ఏజెన్సీలో ఏ ఊరి పేరు ఎవరు బయటపెట్టినా శని ఆదివారాలకల్లా బైకులు, స్పీకర్లు, డ్రోన్లు అక్కడ వాలిపోతున్నాయి, నా రాత వల్ల ఆ ఊరికి ఆ బాధ రాకూడదు. అయినా నేను చెప్పాలనుకుంటున్నది ఊరి కింద ఉన్న లోయ సంగతి, ఆ లోయలో గెడ్డ, అంటే కొండవాగు, పక్కనే పోయే కాలిదారి సంగతి, డిసెంబరు చలిలో ఇంకా తెల్లారకుండానే ఆ దారంట సంతకి నడిచిన సంగతి.

మాది వైజాగ్‌లో మిషనరీ స్కూలు. ఊరందరికీ సంక్రాంతి సెలవులు ఎక్కువైతే మాకు క్రిస్మస్ సెలవులు ఎక్కువ. ఆ రోజుల్లో మామయ్య స్కూలు నడుస్తూనే ఉండేది కాబట్టి ఆయనా అత్తా అక్కడే ఉండేవాళ్ళు, అమ్మ నన్నూ అన్నయ్యనీ పొద్దున్నే కిరండోల్ ప్యాసింజర్ ఎక్కించి, అదే పెట్టెలో డ్యూటీకి వెళ్ళే మేస్టార్లెవరో ఒకళ్ళకి అప్పజెప్పేసేది. బొర్రా స్టేషన్లో మామయ్య వచ్చి దించుకునేవాడు. ఆ లైను అసలు బైలడిల్లా గనుల ఇనప ఖనిజం విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి ఓడల్లో పంపడానికి 1960ల్లో వేసింది. మాకు మాత్రం అది మామయ్య ఊరి రైలు, అంతే. శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేసరికి కొండలు మొదలయ్యేవి, ఇక శివలింగాపురం, త్యాడ, చిమిడిపల్లి, సొరంగం వెనక సొరంగం, ప్రతి సొరంగంలో పిల్లలందరం గొంతు పోయేలా అరుపులు. త్యాడ దగ్గరకొచ్చేసరికి కిటికీ గాలి మారిపోయేది. కింద వైజాగ్‌లో డిసెంబర్లో కూడా ఫ్యాను వేసుకునే మనుషులం కదా, అమ్మ సంచి అడుగున కుక్కిన స్వెట్టర్లు అక్కడ తీసేవాళ్ళం.

బొర్రా అంటే అందరికీ గుహలే గుర్తొస్తాయి. మాకు స్టేషన్ నుంచి మామయ్య వెనకాల కొండ వాలున నడిచి ఊరు చేరుకోవడం గుర్తొస్తుంది. పెంకుటిళ్ళు, ఎర్రమట్టి అలికిన అరుగులు, ఇళ్ళ వెనక పనస చెట్లు, దొడ్డి నిండా చిక్కుడు పాదులు. కోతలైపోయిన చోడి (రాగి) కంకులు కళ్ళాల్లో ఆరబోసి ఉండేవి. అత్త రాత్రికి రాజ్మా గింజలు ఉల్లిపాయేసి కూర చేసేది, ఇప్పుడు సూపర్ మార్కెట్లో ప్యాకెట్లలో దొరికే రాజ్మా ఆ రుచికి ఆమడ దూరం. రాత్రి ఎనిమిదింటికల్లా ఊరంతా నిద్రపోయేది, మేము కుంపటి చుట్టూ కూర్చుని మామయ్య చెప్పే కబుర్లు వింటూ అక్కడే ఒరిగిపోయేవాళ్ళం.

సంత ఉండేది అవతలి కొండ మీద, రోడ్డు పక్కన. మా ఊరికి అప్పటికి రోడ్డు లేదు. సంతకి పోవాలంటే ఊరి నుంచి లోయలోకి దిగాలి, గెడ్డ వారంట కొంత దూరం నడవాలి, గెడ్డ దాటాలి, మళ్ళీ అవతలి వాలు ఎక్కాలి. బరువులతో వెళ్ళేవాళ్ళు ఎండెక్కకముందే పైకి చేరుకోవాలని తెల్లవారుజామునే బయల్దేరేవాళ్ళు. మామయ్యకి స్కూలు హాస్టల్ సరుకుల పనో, పోస్టు పనో ఏదో ఒకటి ఉండేది, సంత రోజు పొద్దున్నే ఒక పూట చూసుకుని వచ్చేసేవాడు, మమ్మల్నీ తీసుకెళ్ళమని ముందు రోజు నుంచే పీకేవాళ్ళం. ఊరి పెద్ద ఒకాయన ఉండేవాడు, కొండదొర తెగ మనిషి, మామయ్యతో సహా అందరం తాత అనే పిలిచేవాళ్ళం. ఆ నడకకి పెద్ద ఆయనే. ఆయన లేచి వీధిలో ఒకసారి గట్టిగా దగ్గితే ఇళ్ళల్లోంచి ఒక్కొక్కళ్ళే గంపలు, కావిళ్ళు ఎత్తుకుని బయటికొచ్చేవాళ్ళు.

ఆ చలి గురించి చెప్పాలి. ఊరు కొండ వాలు మీద ఉంది, లోయ కింద ఉంది, అంచేత కిందకి దిగుతుంటే వెచ్చబడాలి కదా అని నేననుకునేదాన్ని. తీరా జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. ఊళ్ళో ఉన్నంతసేపు పర్వాలేదు, దిగేకొద్దీ మోకాళ్ళకి, నడుముకి, చెవులకి అంచెలంచెలుగా చలి పట్టుకొచ్చేది. ఎందుకలా అని అడిగితే తాత అన్న మాట ఇప్పటికీ నోటికొచ్చు: "సలి కూడా నీటి బాపతే పాపా, రేత్రంతా కొండ మీంచి జారి పల్లంలో నిలబడిపోతాది." తర్వాత డిగ్రీలో జాగ్రఫీ చదువుతుంటే అదే ముక్క పుస్తకంలో కనిపించింది, ఆకాశం నిర్మలంగా ఉన్న చలికాలం రాత్రుల్లో నేల వేడి పైకి పోతుంది, నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కుతుంది, బరువెక్కిన గాలి వాలు వెంట కిందకి దిగి లోయలో పేరుకుంటుంది, అందుకే పొగమంచు కూడా లోయ అడుగునే ఉంటుంది, పైన కొండ అంచుకి ఆ పాటికే ఎండ తగులుతుంటుంది. లంబసింగి, మినుములూరు వైపు పేపర్లో వచ్చే 3 డిగ్రీలు, 4 డిగ్రీలు కూడా ఇలాంటి రాత్రులవే. పుస్తకంలో ఒక పేజీ పట్టింది, తాతకి ఒక్క మాట సరిపోయింది. అందుకేనేమో పాత ఊళ్ళు లోయ అడుగున కట్టుకోకుండా వాలు మీద కట్టుకున్నారని నాకు అనిపిస్తుంది, కింద ఉన్న పల్లం అంతా వరి మడులకే వదిలేశారు, గెడ్డ నీటికి మడి కింద మడి.

ముందు తాత, చేతిలో కర్ర. ఆయన వెనక కావిళ్ళ మగవాళ్ళు, తర్వాత గంపలెత్తుకున్న ఆడవాళ్ళు, మధ్యలో పిల్లలం, చివర టార్చి లైటు పట్టుకుని మామయ్య. ఆ వరస ఎవరూ చెప్పకుండానే అలా పడిపోయేది. రేగు పొదలున్న మలుపు దగ్గర మాత్రం అందరూ ఒక్కసారి గొంతులు పెంచి గట్టిగా మాట్లాడేవాళ్ళు, ఎలుగుబంట్లు రేగుపళ్ళకి వస్తాయి, మనం వస్తున్నట్టు దానికి ముందే తెలిస్తే అదే తప్పుకుంటుంది, తెలీకుండా ఎదురుపడితేనే ప్రమాదం. ఆ మలుపు దాటాక మళ్ళీ ఎవరి నడక వాళ్ళది. కావిడి బద్ద కిర్రుకిర్రుమనే చప్పుడు, అడ్డాకు కట్టలు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు, దూరంగా అడవికోడి కూత. పెద్ద వయసు ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ నడిచేవాళ్ళు, నాకు మొదట భయమేసేది నోరు కాలిపోదా అని, ఒకావిడ నవ్వి చెప్పింది, ఈ చలికి ఇదే మా కుంపటి అని.

చలికాలం అడవి వైజాగ్ నుంచి వచ్చిన నాకు కొత్తగా ఉండేది, ఎందుకంటే చెట్లన్నీ ఒక్కలా ఉండేవి కావు. వాలు మీద నల్లమద్ది ఆకులు రాల్చడం మొదలుపెట్టి ఉండేది, కాలి కింద గలగలమనేవి, గెడ్డ దగ్గరికి దిగితే ఏరుమద్దులు, మామిళ్ళు, పనసలు పచ్చగానే ఉండేవి, వాటి మీంచి మంచు బొట్లు వానలా మీద పడేవి. జీలుగ చెట్ల తల కింద కల్లు కుండలు కట్టి ఉండేవి, తిరుగు దారిలో మగవాళ్ళు అక్కడ కాసేపు ఆగిపోవడం మామూలే. అడ్డతీగ ఎంత లావుంటుందో చూస్తేగానీ నమ్మబుద్ధి కాదు, మనిషి తొడంత లావు తీగ పెద్ద చెట్టుని పట్టుకుని పైకి పాకి అవతలి చెట్టు మీదకి పోయి ఉంటుంది. ఆ తీగ ఆకులే ఆడవాళ్ళు కోసుకొచ్చి ఆరబెట్టి, సన్న పుల్లలతో కుట్టి కట్టలు కట్టేవాళ్ళు. మా ఇంటి పెళ్ళిళ్ళలో బంతి భోజనాలకి వేసిన విస్తళ్ళన్నీ ఈ ఆకే అని, అంత వరకూ విస్తరాకు అంటే బజార్లో కొనే వస్తువే అనుకున్న నేను అక్కడ తెలుసుకున్నాను. తిన్నాక పారేసే ఆ ఆకు వెనక అంత నడక ఉంది.

ఇక గెడ్డ. పొగమంచులో అది ముందు కనిపించేది కాదు, వినిపించేది. దగ్గరకెళ్ళాక నీటి మీంచి ఆవిరి లేస్తుండేది. పాదం పెట్టాలంటే వణుకు, పెట్టాక చూస్తే గాలి కంటే నీరే వెచ్చగా ఉండేది, ఊట నీళ్ళు కదా. దాటే చోట పెద్ద పెద్ద రాళ్ళు వేసి ఉండేవి. నేను రాయి మీంచి రాయి మీదకి గెంతబోతుంటే తాత రెక్క పట్టుకుని ఆపేవాడు, "పచ్చగున్న రాయి మీద కాలెయ్యకు పాపా, నీటిలోనే ఎయ్యి. నీరు పడదొయ్యదు, నాచు పడదోస్తాది." ఇప్పటికీ ఏ వాగు దాటినా నేను చెప్పులు విప్పి నీళ్ళలోనే నడుస్తాను.

ఒకసారి దాటే చోట కూర్చుని చేతులు కడుక్కుంటుంటే మామయ్య అడిగాడు, ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయో తెలుసా అని. తెలీదన్నాను. ఈ గెడ్డ కిందకెళ్ళి గోస్తనిలో కలుస్తుంది, గోస్తని బొర్రా గుహల్లోంచి పోతుంది, అక్కడ్నుంచి కొండ దిగి తాటిపూడి రిజర్వాయరుకి వెళ్తుంది, తాటిపూడి నీళ్ళు గొట్టాల్లో వైజాగ్ వస్తాయి, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది, నువ్వు ఇంట్లో కుళాయి తిప్పి తాగేవాటిల్లో ఇవీ ఉన్నాయి అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది, అది చలి వల్ల కాదని ఖచ్చితంగా చెప్పగలను. అంత వరకు ఆ ఊరు నాకు సెలవుల్లో వెళ్ళే చోటు, అంతే. ఆ రోజు నుంచి వైజాగ్ తిరిగొచ్చాక కూడా కుళాయి కింద బిందె పెడితే ఆ ఆవిరి లేచే నీళ్ళు, ఆ నాచు రాళ్ళు కళ్ళ ముందుకొచ్చేవి. మామయ్య మంచి మేస్టారు అనడానికి నాకు ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

గెడ్డ దాటిన దగ్గర్నుంచి అవతలి వాలంతా కాఫీ. పైన సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటిని పట్టుకుని పాకిన మిరియం తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. పోడు వ్యవసాయం తగ్గించడానికని ఐటీడీఏ (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్ళు గిరిజన రైతుల చేత వేయించిన తోటలు చాలా ఉన్నాయక్కడ, అంతకు ముందు 1960ల నుంచే అటవీ శాఖ కొంత వేసింది. డిసెంబరంటే కాఫీ పండే కాలం, మంచులో తడిసిన ఎర్రటి పళ్ళు గుత్తులు గుత్తులుగా కొమ్మలకి అంటుకుని ఉండేవి. తోలు నమిలితే తియ్యగా ఉంటుంది, లోపల జిగురు, ఆ జిగురులో రెండు గింజలు. కోతకొచ్చిన ఆడవాళ్ళ వేళ్ళు చూడాలి, ఒకే గుత్తిలో ఎర్రవి తెంపి పచ్చివి వదిలేస్తారు, మళ్ళీ పది పదిహేను రోజులకొచ్చి అప్పటికి పండినవి తెంపుతారు, ఒక చెట్టు చుట్టూ సీజన్లో అలా ఎన్నోసార్లు. ఆ రోజుల్లో ఆ పళ్ళు ఇంటి ముందు ఆరబోసి, ఎండాక దళారులు ఎంతిస్తే అంతకి అమ్మేసేవాళ్ళు. ఇంకా బాధేంటంటే, పండించిన ఇళ్ళల్లో కాఫీ తాగేవాళ్ళు దాదాపు లేరు, బెల్లం వేసిన నల్ల టీనే. తర్వాత కాలం మారింది. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్‌లో షాపు తెరిచారు, 2019లో అరకు అరబికాకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) కూడా రైతుల దగ్గర నేరుగా కొంటోంది. ఆ వార్తలు వచ్చినప్పుడల్లా నేను మామయ్యకి ఫోన్ చేసి చదివి వినిపించాను, ఆయనకి కూడా ఆ వాలే గుర్తొచ్చేది.

వాలు సగం ఎక్కాక చదునైన చోటొకటి వచ్చేది, అక్కడ బరువులు దింపుకోడానికి వీలుగా నడుమెత్తు బండలు, పక్కన పెద్ద మామిడి చెట్టు. వేరే ఊళ్ళ వాళ్ళు కూడా అక్కడికే వచ్చి కలిసేవాళ్ళు, అప్పటికే నెగడు వేసి ఉండేది. కర్రపెండలం దుంపలు నిప్పుల్లో వేసి కాల్చి, పై తొక్క ఒలిచి పిల్లల చేతుల్లో పెట్టేవాళ్ళు. సరిగ్గా ఆ చోట ఉండగానే ఎండ వచ్చేది. ముందు గాలికొండ వైపు శిఖరాలకి తగిలి, తర్వాత వాలు వెంట కిందకి దిగుతూ మెల్లగా పోడు చేలదాకా వచ్చేది, ఆ చేలల్లో వలిసె పూలు. అంత పసుపు నేను ఇంకెక్కడా చూడలేదు, ఎండ తగిలిన చేను ఒకటి వెలిగిపోతుంటే పక్క చేను ఇంకా నీడలో బూడిద రంగులో ఉండేది, కాసేపటికి అదీ వెలిగేది. ఇప్పుడు నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ పూల కోసమే జనం అరకు వెళ్తున్నారు, వెళ్ళండి, తప్పేం లేదు, కానీ అది నూనె గింజ పంట, ఫొటో కోసం చేలో దిగి తొక్కితే ఆ మేర గింజ పోయినట్టే. గట్టు మీద నిలబడితే ఫొటో బాగానే వస్తుంది.

ఆ నెగడు దగ్గర పెద్దవాళ్ళు మాట్లాడుకునే మాటలు అప్పుడు నాకు సగమే అర్థమయ్యేవి. 1997 డిసెంబరులో అనుకుంటా, అందరి నోటా కోర్టు మాటే. ఆ ఏడాది జులైలో సుప్రీంకోర్టు, సమత అనే సంస్థ వేసిన కేసులో తీర్పిచ్చింది. బొర్రా చుట్టుపక్కల ఊళ్ళల్లో గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇవ్వడం మీద మొదలైన గొడవ అది, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని కోర్టు చెప్పింది. దేశమంతా లా కాలేజీల్లో చదివే తీర్పు అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నాకు గుర్తున్నది తాత మాత్రం, నిప్పు మీద చేతులు కాచుకుంటూ, కొండ తవ్వేస్తే గెడ్డ ఏటైపోతాదో ఆ కోర్టోలకి ఎవులు సెప్పినారో గానీ మంచోళ్ళే సెప్పినారు అన్నాడు. ఆ కొండల్లో బాక్సైట్ ఉంది, ఆ పొర వాన నీటిని పట్టుకుని ఏడాది పొడుగునా మెల్లగా వదులుతుందని, అందుకే చలికాలంలో, ఎండల్లో కూడా గెడ్డలు పారుతుంటాయని అక్కడి వాళ్ళు అంటారు. తాటిపూడి నీళ్ళు తాగే మా వైజాగ్ వాళ్ళందరం ఆ నెగడు చుట్టూ కూర్చున్న మనుషులకి రుణపడి ఉన్నామని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

సంత గురించి ఎక్కువ రాయను, సంతలన్నీ ఒక్కటే. ఉప్పు బస్తాలు, భీమిలి వైపు నుంచి వచ్చిన ఎండుచేపల కంపు, పొగాకు కట్టలు, అల్యూమినియం గిన్నెలు, రంగురంగుల రిబ్బన్లు. మా వాళ్ళు అల్లం, పసుపు, చిక్కుడు గింజలు, ఉసిరికాయలు, అడ్డాకులు అమ్మి అవి కొనుక్కునేవాళ్ళు. తూకంలో మోసం జరిగేది, మామయ్య కాటా దగ్గర నిలబడి చూసేవాడు, అందుకని కొందరు వ్యాపారులకి ఆయనంటే పడేది కాదు. జీసీసీ డిపో ఉన్న చోట కాస్త నయం. మాకు మాత్రం కమలాలు కొనిపెట్టేవాడు, తొక్కలు జేబులో దాచుకుని దారంతా వాసన చూసుకుంటూ వచ్చేవాళ్ళం.

ఇన్ని తియ్యటి కబుర్లు చెప్పి ఒకటి చెప్పకపోతే అది అబద్ధమే అవుతుంది. ఒక చలికాలం రాత్రి ఊళ్ళో ఒకామెకి నెప్పులొచ్చాయి. మంత్రసాని వల్ల కాలేదు. వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీ చేసి, ముందిద్దరు వెనకిద్దరు, ఆ దారంటే, ఆ చలిలోనే, ఆ నాచు రాళ్ళ మీంచే గెడ్డ దాటించి అవతలి వాలు ఎక్కించారు. మామయ్య టార్చి పట్టుకుని కూడా వెళ్ళాడు. అత్త, నేను అరుగు మీద నిలబడి చూస్తుంటే లోయలో ఆ వెలుగు కనపడుతూ, చెట్ల వెనక మాయమవుతూ, మళ్ళీ కనపడుతూ పోయింది. రోడ్డెక్కాక జీపు దొరికింది, తల్లీ బిడ్డా దక్కారు. దొరక్కపోతే ఏమయ్యేదో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు, అంతకు ముందు అలా పోయినవాళ్ళున్నారు. అత్త ఆ రాత్రంతా పడుకోలేదు, నేనూ పడుకోలేదు.

అందుకని ఊరికి రోడ్డు వచ్చిందని తెలిసినప్పుడు నేను ఒక్క క్షణం కూడా అయ్యో అనుకోలేదు. పాత రోజులే బాగుండేవి అని నేను అనను, అనకూడదు కూడా, పది రోజుల సెలవుల్లో నడిచొచ్చే మనకి ఆ దారి సంతోషం, డోలీ మోసేవాళ్ళకి అది వేరు. ఇప్పటికీ ఏజెన్సీలో రోడ్డు లేని శిఖర గ్రామాలు ఉన్నాయి, డోలీ మోతల వార్తలు ప్రతి ఏడూ పేపర్లో చూస్తూనే ఉన్నాం, వాళ్ళకి రోడ్డు రావాలి, బేగి రావాలి. నాకున్న కోరిక చిన్నది, రోడ్డు ఉన్నా కూడా ఆ కాలిదారి బతికుండాలని. గెడ్డ ఎక్కడ వెచ్చగా ఉంటుందో, ఎలుగు ఏ మలుపులో ఉంటుందో, చలి ఎక్కడ నిలబడుతుందో ఆ దారి నడిచినవాళ్ళకే తెలుస్తుంది, కొండ చుట్టూ తిరిగి ఆటోలో వెళ్తే అవేవీ తగలవు.

మొన్నటి చలికాలంలో మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. ఇప్పుడు రైలుకి అద్దాల పెట్టె కూడా ఉంది, 2017 నుంచి నడుస్తోంది, మా అమ్మాయి సొరంగాల్లో అరవలేదు గానీ మొబైల్ పక్కన పెట్టి కళ్ళప్పగించి చూసింది, నాకు అదే చాలు. తాత పోయి చాలా ఏళ్ళయింది, మామయ్య రిటైరై విజయనగరంలో ఉంటున్నాడు, మోకాళ్ళ నొప్పులు, రాలేనన్నాడు. ఊళ్ళో ఆటోలు, డిష్షులు, స్లాబు ఇళ్ళు. సంతకి అందరూ రోడ్డు మీదే వెళ్తున్నారు. కాలిదారి పొదలతో మూసుకుపోయి ఉంటుందనుకుంటూ పొద్దున్నే, ఊళ్ళో ఒక కుర్రాణ్ణి తోడు తీసుకుని లోయలోకి దిగాం. దిగేకొద్దీ చలి పెరిగింది, మా అమ్మాయి అడిగింది, కిందకెళ్తుంటే ఎక్కువవుతోందేంటి అని. తాత మాట తాత యాసలోనే చెప్పాను.

పొదలతో మూసుకుపోలేదు. దారి శుభ్రంగా ఉంది, ఈమధ్యనే కొట్టిన కొమ్మల మొదళ్ళు కూడా తెల్లగా కనిపించాయి. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా నలుగురైదుగురు ఆడవాళ్ళు, నడుముకి సంచులు కట్టుకుని. "ఏటమ్మా ఇటొచ్చినారు, దారి తప్పినారేటి?" అని అడిగారు. చిన్నప్పుడు ఈ దారంట సంతకెళ్ళేదాన్ని, ఫలానా మేస్టారి మేనకోడల్ని అంటే ఒకావిడకి మామయ్య గుర్తున్నాడు, ఆయన దగ్గర ఐదో తరగతి వరకు చదివిందట. సంతకి ఎవులూ ఇటు రారమ్మా ఇప్పుడు, కాపీ కోతలకి మేమే నడుస్తాం, నవంబరు కాడ్నించి పళ్ళు అయిపోయే దాకా రోజూ ఇదే దారి, వానలప్పుడు మూసుకుపోతాది, మళ్ళీ కోతలకి ముందు మేమే నరుక్కుంటాం అని చెప్పింది. మా అమ్మాయి చేతిలో నాలుగు పళ్ళు పెట్టి, తోలు నమిలి గింజ ఉమ్మెయ్యి అంది.

అంటే ఆ దారి చలికాలం దారిగానే మిగిలింది, కాఫీ ఉన్నంత కాలం ఉంటుంది. మీలో ఎవరికైనా అనంతగిరి, బొర్రా వైపు ఇలాంటి లోయల్లో నడవాలనుంటే డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్ళండి, కోతలు జరుగుతుంటాయి కాబట్టి దారులు తెరిచి ఉంటాయి. ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి, అక్కడి మనిషిని తోడు తీసుకుని, ఆ మనిషికి రోజు కూలి ఇచ్చి వెళ్ళండి. తోటల్లో పళ్ళు తెంపకండి, ప్లాస్టిక్ గెడ్డలో పడెయ్యకండి, అవి తాగే నీళ్ళు, కింద మా వైజాగ్‌లోనూ తాగుతున్నాం. తొమ్మిది దాటితే గానీ లోయ అడుక్కి ఎండ రాదు, స్వెట్టరుతో పాటు చెవులకి మఫ్లరు కూడా పెట్టుకోండి.